మైనారిటీ తీఱని రాజ్యభాగములు

మన జిల్లాల పాత జమీందారీల చరిత్ర నెఱిగినవారికి 'కోర్టు ఆఫ్ వార్డ్సు' అను మాట క్రొత్త గాదు. జమీందారు గతించి వారసుడు బాలుడై యున్నచో, సర్కారువారు ఎస్టేటును తమ యధీనమునకు దీసికొని, మేనేజరును నియమించి, శిస్తులు వసూలు చేయించి, అప్పులు దీర్చి, బాలునకు విద్య చెప్పించి, మైనారిటీ తీఱిననాడు ఎస్టేటును వానికి అప్పగించెడివారు. ఈ యేర్పాటునందు స్వభావసిద్ధమైన దోష మేమియు లేదు. అనేక సంస్థానములు ఇందువలన ఋణవిముక్తి నొందినవి కూడ. అయినను ఒక ప్రశ్న కలదు. వారసునకు మీసములు మొలచి, బిడ్డలు గలిగి, తల నెఱసిన పిమ్మటను మేనేజరు "ఇతడింకను బాలుడే" యని తాళపుచెవులను మొలనుండి తీయనిచో, దానిని సంరక్షణ మందుమా, ఆక్రమణ మందుమా?

సమాఖ్య రాజ్యములలో కేంద్రప్రభుత్వముచే నేరుగా పాలింపబడు ప్రాంతములను గూర్చి విచారించునపుడు ఈ ప్రశ్నయే మనకు దారి చూపగలదు. సమాఖ్య యనగా అధికారమును కేంద్రమునకును రాష్ట్రములకును రాజ్యాంగమే పంచి యిచ్చిన రాజ్యము. ఆ పంపకమున రాష్ట్రమునకు వచ్చిన భాగమును కేంద్రము తన సాధారణ శాసనముతో లాగికొనజాలదు. కాని పలు పెద్ద సమాఖ్యలలో ఏ రాష్ట్రమునకును చెందని భూఖండములు కొన్ని మిగిలి యున్నవి. వానికి శాసనములు చేయువారు జాతీయ శాసనసభవారు. ఒకవేళ అచ్చటివారికి శాసనసభయు మంత్రివర్గమును ఉన్నను, అవి కేంద్రశాసనమువలన వచ్చినవి, కేంద్రశాసనమువలన పోగలవి. రాష్ట్రమునకు గల యధికారము హక్కు. ప్రాంతమునకు గల యధికారము అనుగ్రహము. భేదమంతయు ఇందే యున్నది.

ఇట్టి ప్రాంతము లేర్పడుటకు మూడు హేతువులు చెప్పబడుచుండును. మొదటిది, రాజధాని యే రాష్ట్రముయొక్క చేతిక్రిందను ఉండరాదనుట. రెండవది, జనము పలుచనై, ఆదాయము చాలక, సరిహద్దున నున్న భూములు తమ కాళ్లపై నిలువలేవనుట. మూడవది, చరిత్రవశమున వేఱుగా మిగిలిన తునకలను ఎందును కలుపలేకపోవుట. ఈ మూడింటిని వరుసగా పరిశీలింతము.

రాజధానివిషయమున మూలకథ అమెరికాది. 1783వ సంవత్సరము జూన్ మాసమున జీతములు ముట్టని పెన్సిల్వేనియా సిపాయిలు ఫిలడెల్ఫియా నగరమున కాంగ్రెసు సమావేశమైన మందిరమును చుట్టుముట్టిరి. రక్షణకై సైన్యమును రప్పింపుడని కాంగ్రెసువారు ఆ రాష్ట్రాధికారులను కోరిరి. వారు మీనమేషములు లెక్కించిరి. ఒక మహాయుద్ధమున జయించిన జాతియొక్క ప్రతినిధులు తమ రాజధానినుండి తరలి ప్రిన్స్‌టనులో తల దాచుకొనవలసి వచ్చెను. ఈ అవమానము వారి మనస్సులందు నాటుకొనెను. 1787లో రాజ్యాంగమును వ్రాయునపుడు, పది మైళ్ల చదరమునకు మించని యొక ప్రదేశము జాతీయ ప్రభుత్వమునకు పీఠముగా నుండవలెననియు, దానిపై సర్వశాసనాధికారము కాంగ్రెసుదే యనియు నిర్ణయించిరి. 1790 నాటి శాసనము ప్రకారము పొటోమక్ నదీతీరమున మేరీలాండు, వర్జీనియా రాష్ట్రము లిచ్చిన భూమిలో వాషింగ్టను నగరము నిర్మింపబడెను. 1800లో ప్రభుత్వ మచ్చటికి తరలెను. 1801 నాటి శాసనముతో ఆ నేలపై కాపురముండువారు ఏ రాష్ట్రమునకును చెందనివారైరి. కాంగ్రెసునకు ప్రతినిధుల నెన్నుకొను హక్కు వారికి పోయెను.

ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఈ యేర్పాటును సమర్థించుచు వ్రాసిన జేమ్సు మాడిసన్ మహాశయుడు, అచ్చటి ప్రజలకు తమ్ము బాలించు ప్రభుత్వమును ఎన్నుకొనుటయందు పాలుండుననియు, స్థానికవ్యవహారములకై వా రెన్నుకొన్న శాసనసభ తప్పక యొసగబడుననియు తలచెను. అనగా రాజధాని రక్షణ మొక విషయము, రాజధానిలోని పౌరుని నోరు కట్టుట వేఱొక విషయము అని యాయనకు తెలియును. తరువాతివారు మొదటిదానిని సాకుగా జేసికొని రెండవదానిని సాగించిరి.

వర్జీనియా యిచ్చిన భాగము 1846 నాటి శాసనముతో తిరిగి వర్జీనియాకే పోయెను. మిగిలిన ప్రాంతమునకు 1871లో ఒక శాసనసభ యీయబడెను గాని, వీధులు, కాలువలు మొదలగువాని నిర్మాణమునకై అప్పులు పెరిగెనని 1874లో దానిని రద్దుచేసి, నియమితులైన ముగ్గురు కమీషనర్లకు నగరమును అప్పగించిరి. ఆ నగరమున నల్లజాతి పురుషులు ఓటు సంపాదించినది 1867లో. ఏడేండ్లకే తెల్లవారు నల్లవారు అందఱును ఓటు గోల్పోయిరి. అప్పు చేసినందుకు శిక్షగా ఓటు తీసివేయుట న్యాయమైనచో, ప్రపంచమున ఓటునకు అర్హమైన నగర మొక్కటియు మిగులదు. ఈ కమీషనర్ల పాలన తొంబది సంవత్సరములకు పైగా సాగెను. 1961లో ఇరువదిమూడవ రాజ్యాంగసవరణవలన అధ్యక్షుని ఎన్నికలో పాల్గొనుటకును, 1973 నాటి శాసనమువలన తమ మేయరును, నగరసభను ఎన్నుకొనుటకును ఆ పౌరులకు అవకాశము గలిగెను. ప్రతినిధిసభలో వారి కొక సభ్యుడు కలడు. మాటలాడును, సంఘములలో కూర్చుండును, కాని సభ తుదినిర్ణయము చేయునపుడు ఓటు వేయలేడు. సెనేటులో వారికి ఎవ్వరును లేరు.

2020 జనాభాలెక్కలలో ఈ నగరజనసంఖ్య 6,89,545. వయోమింగు రాష్ట్రమున 5,76,851 మంది, వెర్మాంటు రాష్ట్రమున 6,43,077 మంది కలరు. తక్కువ జనము గల ఆ రెండు రాష్ట్రములకు ఇద్దఱేసి సెనేటరులు కలరు, రాజధానికి సున్న. ఆదాయపు పన్నుమాత్రము అందఱికిని సమానమే. "ప్రాతినిధ్యము లేని పన్ను" అను పదములను 2000వ సంవత్సరమునుండి తమ మోటారుబండ్ల నంబరుపలకలపై అచ్చువేయించుకొని ఆ నగరవాసులు తిరుగుచున్నారు. ఏ నినాదముతో వారి పూర్వులు ఇంగ్లాండు రాజును ధిక్కరించిరో, ఆ నినాదమునే మనుమలు తమ కాంగ్రెసు మందిరము చుట్టును త్రిప్పవలసి వచ్చినది!

ఈ అనుగ్రహపాలనము ఎంత పలుచనిదో ఇటీవలి చరిత్రయే చాటుచున్నది. నగరసభవారు తమ శిక్షాస్మృతిని సవరించి చేసిన శాసనమును 2023లో కాంగ్రెసు త్రోసివేసెను. 2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంపు 1973 నాటి శాసనములోని యొక నిబంధన ననుసరించి నగరపోలీసును ముప్పది దినములు తన యధీనమునకు దీసికొని, నేషనల్ గార్డు సైనికులను వీధులలో నిలిపెను. ఈ చర్యలు మంచివా చెడ్డవా యన్నది వేఱు చర్చ. ఒక రాష్ట్రమున నేర మధికమైనదని తలచినపుడు ఆ రాష్ట్రపోలీసును అధ్యక్షు డిట్లు స్వాధీనము చేసికొనలేడన్నది మనకు ముఖ్యము.

రాష్ట్రప్రతిపత్తి నీయవలెనను బిల్లును ప్రతినిధిసభ 2020లోను, 2021లోను అంగీకరించెను, సెనేటు అంగీకరింపలేదు. ప్రతిపక్షవాదము నిస్సారమైనదని మేమనము. జాతీయప్రభుత్వము ఒక రాష్ట్రముయొక్క దయాదాక్షిణ్యములపై ఆధారపడరాదనుటలో సత్యము కలదు. ఆ నేలను మేరీలాండునకే తిరిగి యిచ్చిన ఓటు సమస్య తీఱునుగదా యను మాటయు ఆలోచింపదగినదే. కాని అసలు చిక్కు సిద్ధాంతమునందు లేదు, లెక్కయందున్నది. నగరవాసులలో అత్యధికసంఖ్యాకులు ఒకే పక్షమునకు ఓటు వేయుదురు. కావున రెండవపక్షమువారికి ఈ రెండు క్రొత్త సెనేటు స్థానములు కంటగింపుగా నున్నవి. ఒకని ఓటు ఎవరికి పడునో చూచి వానికి ఓటు ఈయవలెనా కూడదా యని నిర్ణయించుట ప్రజాస్వామ్యధర్మము గాదు.

రాజధాని రాష్ట్రమైనచో సమాఖ్య కూలిపోవునా? జర్మనీకి రాజధానియైన బెర్లిను స్వయముగా ఒక రాష్ట్రము. ఆస్ట్రియాకు రాజధానియైన వియన్నాయు అంతే. ఆ రాజ్యముల మంత్రులు నిర్భయముగా నిద్రించుచున్నారు. మెక్సికోదేశమున 1928లో రాజధానీనగరపు పురపాలకసంఘములను తీసివేసి అధ్యక్షుని నియమితునకు పాలన నొప్పగించిరి. దాదాపు డెబ్బది యేండ్లకు, 1997లో, ప్రజలు తమ ప్రభుత్వాధిపతిని తామే ఎన్నుకొనిరి. 2016లో ఫెడరల్ జిల్లా యను పేరే పోయి, ఇతర రాష్ట్రములతో దాదాపు సమానమైన ప్రతిపత్తి లభించెను. కావున మొదటి హేతువు రాజధానిలోని కార్యాలయములకు, శాసనసభామందిరములకు వర్తించునేమో గాని, లక్షలాది గృహస్థులకు వర్తింపదు.

ఇక సరిహద్దుభూములు. ఈ విషయమున అమెరికనులే ఒక మంచి మార్గమును త్రొక్కిరి. 1787లోనే వాయవ్యభూములకై చేసిన శాసనమున, వయోజనులైన స్వతంత్రపురుషులు అయిదువేలమంది యైనచో శాసనసభయు, స్వతంత్రజనసంఖ్య అఱువదివేలైనచో పూర్వరాష్ట్రములతో సమానమైన రాష్ట్రప్రతిపత్తియు ఈయవలెనని వ్రాసిరి. మైనారిటీ ఎన్నడు తీఱునో ముందుగనే చెప్పిన సంరక్షణపత్ర మిది. కాని ఆచరణమునందు పక్షపాతము లేకపోలేదు. 1850లో ప్రాంతముగా నేర్పడిన న్యూమెక్సికో 1912 వఱకు వేచియుండెను. అచ్చటివారిలో స్పానిషు మాటలాడువా రధికము. 1900లో ప్రాంతమైన హవాయి 1959లో గాని రాష్ట్రము గాలేదు. 1898లో చేజిక్కిన పోర్టోరికో నేటికిని రాష్ట్రము గాదు. 1917 నుండి ఆ ద్వీపవాసులు అమెరికను పౌరులు. 2020 లెక్కలలో ముప్పదిరెండు లక్షలకు పైబడినవారు. అయినను ఆ ద్వీపముననుండి అధ్యక్షునకు ఓటు వేయలేరు. ఆ మనుష్యుడే ఓడయెక్కి ఫ్లారిడాలో కాపురము పెట్టినచో వేయవచ్చును! పౌరుడు మాఱలేదు, నేల మాఱినది.

కెనడా ఉత్తరభూములు మూడు: యూకన్, వాయవ్యభూములు, 1999 ఏప్రిలు 1న ఏర్పడిన నూనవుట్. వైశాల్యమున ఇవి దేశములో ఇంచుమించు అయిదింట రెండు పాళ్లు. 2021 లెక్కలలో జనమో మూడింటిని కలిపినను 1,18,160 మాత్రమే. ఇట్టిచోట పూర్తి రాష్ట్రమునకు వలయు ఆదాయము లేదనుట నిజమే. కాని కెనడావారు రెండు మంచి పనులు చేసిరి. ప్రతి ప్రాంతమునకును పార్లమెంటులో పూర్తి ఓటు గల సభ్యు నొకనిని, సెనేటరు నొకనిని ఇచ్చిరి. భూమి, ఖనిజములు మొదలగువానిపై అధికారమును 2003లో యూకనునకును, 2014లో వాయవ్యభూములకును అప్పగించిరి. నూనవుటునకును అప్పగించుటకు 2024 జనవరిలో ఒడంబడిక చేసికొనిరి. పేరు రాష్ట్రము గాకున్నను పెట్టె తాళపుచెవి క్రమముగా చేతికి వచ్చుచున్నది.

ఆస్ట్రేలియా చరిత్ర మనకు హెచ్చరిక. 1911లో దక్షిణ ఆస్ట్రేలియానుండి కామన్‌వెల్తునకు వచ్చిన ఉత్తరప్రాంతమునకు 1922లో పార్లమెంటున ఒక స్థాన మిచ్చిరి గాని, ఆ సభ్యునకు పూర్తి ఓటు వచ్చుటకు 1968 వఱకు పట్టెను. 1978లో స్వపరిపాలన మీయబడెను. ఆ శాసనసభవారు 1995లో, నయముగాని వ్యాధిచే మరణవేదన ననుభవించువారు వైద్యుని సాయముతో ప్రాణము విడుచుటకు వీలు కలిగించు శాసనమును చేసిరి. 1997లో కామన్‌వెల్తు పార్లమెంటు దానిని నిర్వీర్యము చేసి, ప్రాంతములన్నియు అట్టి శాసనమును మరల చేయగూడదని ఆంక్ష పెట్టెను. స్వచ్ఛందమరణము ధర్మమా అధర్మమా యని విద్వాంసులు వాదించుకొనవచ్చును. విచిత్ర మేమన, తరువాతి కాలమున ఆ దేశములోని ఆఱు రాష్ట్రములును అట్టి శాసనములను నిరాటంకముగా చేసికొనగా, ప్రాంతములు మాత్రము చేతులు కట్టుకొని చూడవలసి వచ్చెను. ఆ ఆంక్ష 2022లో గాని తొలగలేదు. ఇరువదియైదేండ్లపాటు ఒక విషయమున రాష్ట్రవాసి పెద్దవాడు, ప్రాంతవాసి బాలుడు! అయినను న్యాయముకొఱకు ఇంకొక మాటయు చెప్పవలయును. 1998లో రాష్ట్రప్రతిపత్తి కావలెనా యని అడిగినపుడు ఉత్తరప్రాంతపు ఓటరులే స్వల్పాధిక్యముతో వలదనిరి. పెద్దరికమును తీసికొనుటకును ఇచ్చగింపవలయును; దానిని బలవంతముగా తలకెత్తుటయు స్వాతంత్ర్యము గాదు.

మన దేశమునకు వత్తము. 1955లో రాష్ట్రపునర్విభజన సంఘమువారు ఢిల్లీ, మణిపురము, అండమాన్ నికోబారు ద్వీపములు అను మూడింటినే కేంద్రపాలనక్రింద నుంచవలెనని చెప్పిరి. 1956లో అవి ఆఱయ్యెను. ఆ సంఘమున అధికసంఖ్యాకులు పంజాబులో కలిపివేయవలెనన్న హిమాచలప్రదేశము కేంద్రపాలితముగా నిలిచి, 1971లో రాష్ట్రమయ్యెను. మణిపుర త్రిపురలు 1972లోను, మిజోరాము, అరుణాచలప్రదేశము, గోవాలు 1987లోను రాష్ట్రములైనవి. మన రాజ్యాంగమున కోర్టు ఆఫ్ వార్డ్సు వారసులకు ఎస్టేట్లను అప్పగించుట ఎఱుగనిది గాదని ఇందువలన తేలుచున్నది. ఇది మనము గర్వింపదగిన విషయము.

కాని ఢిల్లీ కథ వాషింగ్టను కథకు ప్రతిబింబము. 1952లో ఏర్పడిన శాసనసభ 1956లో పోయెను. అఱువదితొమ్మిదవ సవరణవలన మరల వచ్చిన శాసనసభకు 1993లో ఎన్నికలు జరిగెను. భూమి, పోలీసు, శాంతిభద్రతలు కేంద్రమువద్దనే యుండెను. ఉద్యోగులపై అధికార మెవరిదను వివాదమున, ఎన్నికైన ప్రభుత్వమునకే సామాన్యముగా ఆ యధికార ముండవలెనని 2023 మే 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఎనిమిది దినములకే ఆర్డినెన్సు వచ్చెను. ఆగస్టులో అది శాసనమయ్యెను. ఢిల్లీ విదేశీయ రాయబారులకు, పార్లమెంటునకు నెలవు. కేంద్రమునకు అచ్చట కొంత ప్రత్యేకాధికార ముండుట సహజమే. కాని బడికి ఉపాధ్యాయుని, ఆసుపత్రికి వైద్యుని పంపువాడు ఓటరునకు జవాబు చెప్పనివాడైనచో, ఓటరు ఎవని చొక్కా పట్టుకొని అడుగవలయును?

వెనుకకు నడిచిన కథ జమ్మూకాశ్మీరముది. 2019 అక్టోబరు 31న ఆ రాష్ట్రము రెండు కేంద్రపాలిత ప్రాంతములుగా మాఱెను. ప్రాంతములు రాష్ట్రములగుట మన మెఱుగుదుము. ఒక రాష్ట్రమునకు ఆ ప్రతిపత్తియే లేకుండ పోవుట అదియే మొదలు. ఎన్నికలు జరుపవలెననియు, రాష్ట్రప్రతిపత్తిని వీలైనంత త్వరలో పునరుద్ధరింపవలెననియు 2023 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చెప్పెను. ఎన్నికలు 2024లో జరిగెను. లడఖును వేఱుచేయుటను కోర్టు సమర్థించెను. కాని ఒక రాష్ట్రమును పూర్తిగా కేంద్రపాలితముగా మార్చు నధికారము పార్లమెంటునకు కలదా యను ప్రశ్నకు మాత్రము, ప్రభుత్వము ఇచ్చిన హామీని పురస్కరించుకొని, సమాధానము చెప్పలేదు. ఈ ప్రశ్న కాశ్మీరమునకు మాత్రమే సంబంధించినది గాదు. దానికి ఒకనాడు వచ్చు జవాబు ప్రతి రాష్ట్రముయొక్క పునాదిని తాకును. 2013లో రాష్ట్రవిభజన వివాదమున హైదరాబాదును కేంద్రపాలితము చేయవలెనను మాట వినవచ్చిననాడు, తెలుగునాట ఎంత కలవర మయ్యెనో పాఠకులకు జ్ఞాపకముండును.

తుదకు మన యింటిగడపలోని ఉదాహరణము యానాము. గౌతమీతీరమున కాకినాడకు చేరువనున్న ఈ తెలుగు పట్టణము ఫ్రెంచివారి చేతినుండి 1954 జూన్ 13న విముక్తమయ్యెను; దడాల రాఫేలు రమణయ్యగారి పేరు ఆ ఘట్టమున మఱువరానిది. ముప్పది చదరపు కిలోమీటర్ల నేల. 2011 లెక్కలలో 55,626 మంది జనము. రాజధానియైన పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటరులకు పైదూరమున తమిళదేశమున నున్నది. అచ్చటి శాసనసభలో ఎన్నికైన ముప్పదిమందిలో యానాము సభ్యు డొక్కడు. కాని కేంద్రప్రభుత్వము తన ఇచ్చవచ్చిన ముగ్గురిని ఆ సభకు నియమింపవచ్చును. ఎన్నికైన ప్రభుత్వమును సంప్రతింపకయే నియమింపవచ్చునని 2018లో సుప్రీంకోర్టు స్థిరపఱచెను. అనగా యానాము పట్టణమంతయు కలిసి ఎన్నుకొనువా డొకడు. ఢిల్లీలో ఒక సంతకము పంపువారు ముగ్గురు!

అట్లయిన యానామును ఆంధ్రదేశమున కలిపివేయరాదా యని తొందరపడి యడుగుదుము. భాష యొకటి, నేల యొకటి, చుట్టఱికము లొకటియే. కాని 1956 నాటి అప్పగింత ఒడంబడికలో, ఆ స్థావరముల ప్రతిపత్తిని మార్చుటకు ముందు ప్రజాభిప్రాయమును తెలిసికొనవలెనను షరతు కలదు. 1979లో విలీనపు మాట వినబడినపుడు పుదుచ్చేరిలో పెద్ద అలజడి చెలరేగెను. ప్రజలు తమ వేఱైన యునికిని ప్రేమించుచున్నారు. ఆ శాసనసభవారు రాష్ట్రప్రతిపత్తి కావలెనని పలుమాఱులు తీర్మానములు చేసిరి. వేఱుగా నుండుట కోరినవాడు మైనరుగా నుండుట కోరినవాడు గాడు. ఈ భేదమును గ్రహింపక, 'కలసిపొండు, లేనిచో లోబడియుండుడు' అని రెండే దారులు చూపుట న్యాయము గాదు.

కావున ప్రత్యక్షపాలన యెచ్చట నున్నను దానిని మూడు గీటురాళ్లపై గీచి చూడవలయును. ఆ పౌరునకు, తన్ను పాలించు జాతీయసభలో పూర్తి ఓటు కలదా? స్థానికవ్యవహారములలో వా డెన్నుకొన్నవారి మాట చెల్లునా, లేక నియమితుని సంతకముతో తుడిచిపెట్టబడునా? ఆ స్థితి ఎప్పుడు, ఏ షరతుతో ముగియునో వ్రాసియున్నదా? మూడింటికిని అవునన్నచో అది సంరక్షణము. కెనడా దీనికి దగ్గఱగా నున్నది. వాషింగ్టను మొదటిదానియందే తప్పెను. మన ఢిల్లీ రెండవదానియందు తడబడుచున్నది. మూడవదానియందు దాదాపు అందఱును మౌనమే వహించుచున్నారు.

జనము తక్కువయైనది, ఆదాయము చాలదు, రాజధాని సమీపమున నున్నది, సరిహద్దు భయమున్నది — మేనేజరునకు కారణములు ఎన్నడును కొదువ గావు. కాని లెక్క అడుగవలసినది వారసుని వయస్సు గూర్చి మాత్రమే గాదు, మేనేజరు ఉద్దేశమును గూర్చియు. అప్పగించు తేదీని చెప్పని సంరక్షకుని పుస్తకములను న్యాయస్థానము అనుమానముతో చూచెడిది. ప్రజలును అట్లే చూడవలసియున్నది.